తీసెయ్యడం వేరు, ఆపెయ్యడం వేరు

(ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో ఒక ఆదివారం సాయంత్రం, ఊళ్లోని తెలుగు పెద్దలు ఏర్పాటు చేసుకున్న సభలో మొబైల్ రిపేరు షాపు నడిపే ఒకాయన మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

నాకు మైకు ముందు నిలబడడం అలవాటు లేదు. కంటికి భూతద్దం బిగించుకుని, బల్ల మీదకి తల వంచుకుని పని చేసుకునే మనిషిని. పైగా గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడ తెలుగులో ప్రసంగం చెయ్యమంటే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. అయితే మాట్లాడే భాషలోనే చెప్పొచ్చని వాదించి గెలిచింది కూడా ఆయనే కదా, ఆ ధైర్యంతో వచ్చాను.

మాష్టారు నన్ను పిలిచింది ఒక్క ముక్క చెప్పమని. "ఫోను నెమ్మదైపోతోంది, మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతోంది, ఏం చెయ్యాలి?" అని. ఈ మాట షాపులో రోజూ వింటాను. చాలామంది బ్యాటరీ మార్చెయ్యమనే వస్తారు. కొందరిది నిజంగానే ఉబ్బిపోయి ఉంటుంది, మార్చాల్సిందే. మిగతావాళ్ల బ్యాటరీ బాగానే ఉంటుంది. వండినది సరిపోవడం లేదంటే గిన్నె చిన్నదని కాదు, విస్తళ్లు ఎక్కువయ్యాయని.

మాష్టారి ఫోను సంగతే చెబుతాను, ఆయన్ని అడిగే చెబుతున్నాను. 32 జీబీ ఫోను. ఆయన వాడేవి అయిదే: మాట్లాడ్డానికి ఫోను, వాట్సాప్, యూట్యూబు, కెమెరా, పింఛను చూసుకునే బ్యాంకు యాప్. సెట్టింగ్స్‌లో యాప్స్ అన్నచోట నొక్కి మొత్తం జాబితా తెరిచి ఆయన చేతికే ఇచ్చాను. వేలితో జరుపుతూ ఒక్కొక్కటీ చదివారు. బ్రౌజర్లు మూడు. ఫోటోలు చూడ్డానికి రెండు. పాటలకి రెండు. యాప్‌లు దొరికే దుకాణాలు రెండు, ఒకటి గూగుల్‌ది, ఒకటి ఫోను కంపెనీది. బెల్లం ముక్కల్లాంటివి వరసలో పేర్చే ఆటలు నాలుగు. ఇవి కాక ఒక వార్తల యాప్. మాష్టారు ఒడియా చదువుతారు, తెలుగు చదువుతారు, ఇంగ్లీషైతే ముప్పై ఏళ్లు పాఠమే చెప్పారు. ఆ యాప్ మాత్రం హిందీలో, ఏ సినిమా తార ఏ చీర కట్టిందో పొద్దుటి నుంచి టింగు టింగుమని చెబుతూనే ఉంది. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఏటి బాబూ, ఇవన్నీ నేనెప్పుడు ఎక్కించాను?" అన్నారు.

మీరు ఎక్కించలేదు మాష్టారూ. డబ్బా విప్పేటప్పటికే ఉన్నాయి.

దీన్నే బ్లోట్‌వేర్ అంటారు. మా షాపులో మేం 'కంపెనీ సామాను' అంటాం. తక్కువ ధర ఫోన్లలో ఎక్కువ ఉంటుంది. కారణం సులువే. ఫోను అమ్మితే మిగిలేది కొంచెం, మా యాప్ ముందే ఎక్కించండి అని డబ్బిచ్చేవాళ్లు ఉంటారు, ఆ డబ్బుతో ధర కాస్త తగ్గుతుంది. అంటే ఫోనుకి మనం కొంత కట్టాం, ఆ హిందీ వార్తలవాళ్లు కొంత కట్టారు. అందుకే దానికంత హక్కు!

ధర ఎక్కువ పెట్టి కొంటే ఈ బాధ పూర్తిగా పోతుందా అంటే అదీ కాదు. గూగుల్ సామాను ఎటూ ఉంటుంది. 2022 అక్టోబరులో వ్యాపారాల్లో పోటీని కాపాడే మన కాంపిటిషన్ కమిషన్ గూగుల్ మీద 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోను తయారుచేసేవాళ్ల చేత తన యాప్‌లన్నీ కట్టగట్టి ఎక్కిస్తోందన్నది అందులో ఒక తప్పు. ముందే ఎక్కించిన ఆ యాప్‌లను జనం తీసేసుకోనివ్వాలని కూడా కమిషన్ ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాని అలాగే ఉంచి, తీసేసుకోనివ్వాలన్న ఆ ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. మన పని మాత్రం దాంతోనే ఉంది. ఏం చేస్తాం.

ఇప్పుడు అందరూ ఫోన్లు తియ్యండి. యూట్యూబు బొమ్మ మీద వేలు పెట్టి అలాగే ఉంచండి. చిన్న 'ఐ' గుర్తో, యాప్ ఇన్ఫో అన్న మాటో వస్తుంది, దాన్ని నొక్కండి. అమ్మా, మీరు గట్టిగా నొక్కక్కర్లేదు, వేలు ఆనించి ఉంచితే చాలు. వచ్చిందా? అక్కడ అన్‌ఇన్‌స్టాల్ అని ఉండదు, డిజేబుల్ అని ఉంటుంది. ఇప్పుడు నొక్కకండి, చూడండి చాలు. వెనక్కి వచ్చి మీరు సొంతంగా ఎక్కించుకున్న యాప్ ఏదైనా అలాగే తెరవండి. అక్కడ అన్‌ఇన్‌స్టాల్ అని ఉంటుంది.

ఈ తేడా ఎందుకంటే ఫోను లోపల జాగా రెండు భాగాలు. ఒకటి కంపెనీవాళ్లు నింపి సీలు వేసి పంపినది. అందులోది ఫోను చదువుకుంటుంది అంతే, మనం చెరపలేం, కొత్తగా రాయలేం. రెండోది మనది. మన ఫోటోలు, మనం ఎక్కించుకున్న యాప్‌లు అక్కడుంటాయి. ముందే వచ్చిన ఆటలు, షాపింగు యాప్‌లు చాలావరకు మన భాగంలోనే పెట్టి ఉంటారు కాబట్టి అవి శుభ్రంగా పోతాయి. మాష్టారి నాలుగు ఆటలూ రెండు నిమిషాల్లో పోయాయి. హిందీ వార్తలు మాత్రం సీలు వేసిన భాగంలో ఉంది. దాన్ని తీసెయ్యలేం, ఆపెయ్యగలం.

ఆపెయ్యడం అంటే డిజేబుల్. గదికి తాళం వేసినట్టు అనుకోండి. గది అలాగే ఉంటుంది, జాగా ఆక్రమిస్తూనే ఉంటుంది. లోపలున్నవాడు మాత్రం బయటికి రాడు, దీపం వెలిగించడు, మిమ్మల్ని పిలవడు. తెర మీద బొమ్మ పోతుంది, వెనకాల నడవదు, నెట్ తినదు. మరి జాగా ఏమీ కలిసిరాదా అంటే కొంత వస్తుంది. యాప్ ఫ్యాక్టరీ నుంచి చిన్నగా వస్తుంది, తర్వాత అప్‌డేట్ల పేరుతో పెరుగుతుంది. ఆ పెరిగినదంతా మన భాగంలో చేరుతుంది. డిజేబుల్ చేస్తే ఆ అప్‌డేట్లు, అది దాచుకున్న డేటా పోతాయి, పుట్టినప్పటి రూపం ఒక్కటే మిగులుతుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. దాచుకున్న డేటా పోతుంది అన్నాను. కంపెనీ ఇచ్చిన నోట్స్ యాప్‌లో పాల లెక్క రాసుకున్నారనుకోండి, దాన్ని డిజేబుల్ చేస్తే పాల లెక్కా పోవచ్చు. ముందు తెరిచి చూసుకుని అప్పుడు తాళం వెయ్యండి. నొక్కగానే, ఇది ఆపితే మిగతా యాప్‌లు సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు అని ఫోను బెదిరిస్తుంది. ఏది ఆపబోయినా అదే మాట అంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. తేడా వస్తే మళ్లీ అక్కడికే వెళ్లి ఎనేబుల్ నొక్కితే యాప్ తిరిగి వస్తుంది.

డిజేబుల్ పక్కనే ఫోర్స్ స్టాప్ అని ఇంకోటి ఉంటుంది. రెండూ ఒకటే అనుకుంటారు జనం. నేనూ ఒకప్పుడు అంత లోతుగా ఆలోచించలేదు, దానికి మా ఇంట్లోనే దెబ్బ తిన్నాను.

మా నాన్నగారి ఫోను. ఒకరోజు భోజనం చేసి ఖాళీగా ఉండి, ఆయన ఫోను బాగుచేద్దామని కూర్చున్నాను. ఊళ్లో అందరి ఫోన్లూ చేస్తాను, నాన్నది చెయ్యకపోతే ఎలా! జాబితా పైనుంచి కిందదాకా వెళ్లి, నాకు తెలియని పేరు కనపడిన ప్రతిదానికీ ఫోర్స్ స్టాప్ కొట్టుకుంటూ పోయాను. పదిహేనో, పదహారో. ఫోను చురుగ్గా అయింది, నాన్న సంతోషించారు. మూడో రోజు పొద్దున పెరట్లో మొక్కలకి నీళ్లు పోస్తూ కళ్లు తిరిగి బావి గట్టు మీద కూర్చుండిపోయారు. చూస్తే బీపీ మాత్ర రెండు రోజులుగా వేసుకోలేదు. ఎందుకు వేసుకోలేదంటే, "గంట మోగలేదురా" అన్నారు. మా చెల్లెలు విశాఖపట్నం నుంచి వచ్చినప్పుడు మాత్రల వేళకి మోగే యాప్ ఒకటి ఎక్కించి వెళ్లింది. పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది, నేను కంపెనీ సామాను అనుకున్నాను. చెల్లెలు ఫోన్లో నన్ను ఏమందో ఇక్కడ చెప్పను.

జరిగింది ఇది. ఫోర్స్ స్టాప్ కొడితే ఆ యాప్ ఆ క్షణానికి చస్తుంది, అంతవరకు అందరికీ తెలుసు. తెలియనిదేమిటంటే అది పెట్టుకున్న అలారాలు కూడా రద్దవుతాయి. ఆ తర్వాత మనం వేలితో దాన్ని తెరిచేదాకా, లేదా ఇంకో యాప్ నేరుగా దాన్ని లేపేదాకా, అది లేవదు. ఫోను ఆపి మళ్లీ వేసినా లేవదు. మొండికేసిన యాప్‌ని ఒకసారి కదిలించడానికి ఫోర్స్ స్టాప్ మంచిదే. తెర బిగుసుకుపోయింది, పాట ఆగనంటోంది, అప్పుడు కొట్టండి. రోజూ ఊడ్చే చీపురు మాత్రం కాదది. పైగా ఫోనుతో కలిసి వచ్చిన కంపెనీ సామానులో కొన్ని, ఫోర్స్ స్టాప్ కొట్టినా కాసేపటికి వేరేవాళ్లు లేపితే మళ్లీ లేచి కూర్చుంటాయి. అంటే అవసరమైనది పడుకుంటుంది, అక్కర్లేనిది లేస్తుంది.

అసలు మనకి కావలసింది చాలాసార్లు ఈ రెండింటికీ మధ్యది. యాప్ ఉండాలి, తెరిచినప్పుడు పనిచెయ్యాలి, తెరవనప్పుడు నోరు మూసుకుని ఉండాలి. దానికి అదే పేజీలో బ్యాటరీ అన్నచోట నొక్కండి. ఫోన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్, దాని 12వ వెర్షన్ నుంచి అక్కడ మూడు మెట్లు కనపడతాయి: అన్‌రిస్ట్రిక్టెడ్, ఆప్టిమైజ్డ్, రిస్ట్రిక్టెడ్. కంపెనీని, వెర్షన్‌ని బట్టి మాటలు, అమరిక కొంచెం మారతాయి. మొదటిది ఇష్టారాజ్యం. రెండోది ఫోను చూసుకుంటూ సర్దుతుంది, మామూలుగా అన్నీ ఇక్కడే ఉంటాయి. మూడోది పెడితే యాప్ వెనకాల దాదాపుగా నడవదు. షాపింగు యాప్‌లు, రైలు టికెట్ల యాప్, నెలకోసారి తెరిచే కరెంటు బిల్లు యాప్, ఇవన్నీ మూడోదానిలో పెట్టుకోండి. వాట్సాప్ పెట్టకండి, మెసేజీలు ఆలస్యంగా వస్తున్నాయని మళ్లీ నా దగ్గరికే వస్తారు. టిఫిన్ కొట్టు నడిపే అప్ప ఒకరు అలాగే వచ్చారు. డబ్బులు పడ్డప్పుడు ఫోను గట్టిగా చెబుతుంది చూడండి, ఇన్ని రూపాయలు వచ్చాయని. అది ఆగిపోయింది. ఎవరు డబ్బు వేశారో, ఎవరు వేసినట్టు నటించి ఇడ్లీ పట్టుకెళ్లారో తెలియక రెండు రోజులు సతమతమయ్యారు. వాళ్ల గుంటడు బ్యాటరీ ఆదా చేద్దామని అన్నిటినీ రిస్ట్రిక్టెడ్‌లో పెట్టేశాడు. డబ్బు, మందులు, అలారం, పిల్లల స్కూలు కబుర్లు, వీటిని కట్టడి చెయ్యకండి.

మధ్యలో ఇంకో అలవాటు గురించి చెప్పాలి. ఇక్కడ సగంమంది చేస్తారు, నాకు తెలుసు. తెర మీద ఈమధ్య వాడిన యాప్‌లన్నీ చీట్లపేకలా వస్తాయి కదా, వాటిని ఒక్కొక్కటీ పైకి తోసేస్తూ ఉంటారు, బస్సులో, గుళ్లో, ఎక్కడైనా. మెమరీ ఖాళీ అయితే ఫోను వేగంగా నడుస్తుందని నమ్మకం.

మన నౌపడ రైలు తెలుసు కదా. 1900లో వేసిన చిన్న లైను. ఆవిరి ఇంజన్ల రోజులు చూసినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. రాత్రి షెడ్డులో పెట్టేటప్పుడు మంట పూర్తిగా ఆర్పేసేవారా? ఆర్పరు. నిప్పు కప్పెట్టి ఉంచుతారు. చల్లారిన బాయిలరు మళ్లీ కాగాలంటే గంటలు పడుతుంది, బోలెడు బొగ్గు కావాలి. ఫోన్లో యాప్ కూడా అంతే. కాసేపటి కిందట వాడిన యాప్ మెమరీలో నిప్పు కప్పెట్టుకుని ఉంటుంది, బ్యాటరీ పెద్దగా తినదు. మీరు తోసేసి, పది నిమిషాలకి మళ్లీ తెరిస్తే మొదటి నుంచి కాగాలి. ఖర్చు అక్కడ. మెమరీ చాలకపోతే ఏది వదిలెయ్యాలో ఆండ్రాయిడే చూసుకుంటుంది, పాతవాటిని తనే తీసేస్తుంది. ఖాళీగా ఉన్న మెమరీ వల్ల మనకి పైసా లాభం లేదు. వాటిని అలా ఒగ్గేయండి.

ఈ భయాన్ని పట్టుకునే క్లీనరు, బూస్టరు అని యాప్‌లు పుట్టాయి. నొక్కగానే రాకెట్టు బొమ్మ ఎగురుతుంది, ఇంత మెమరీ ఖాళీ అయిందని చెబుతుంది, కింద ఒక ప్రకటన వేస్తుంది. అది మిగతా యాప్‌లని చంపడం, అవి మళ్లీ లేవడం, ఇది మళ్లీ చంపడం. ఊడ్చడానికి వచ్చినవాడు మన ఇంట్లోనే మంచం వేసుకుని పడుకున్నట్టు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో గూగుల్ ఆ దారీ మూసేసింది, మామూలు యాప్ ఏదీ ఇంకో యాప్‌ని వెనకాల చంపలేదు. రాకెట్టు మాత్రం ఇంకా ఎగురుతోంది. మీ ఫోన్లో అది ఉంటే ముందు దాన్ని తీసెయ్యండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలు నొక్కి యాప్ ఎక్కించుకోవడం అయితే అసలొద్దు. అది సామాను కాదు, దొంగ.

ఫోను కూడా అంత తెలివితక్కువదేం కాదు. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అని ఒకటి పెట్టారు. ఫోను కదలకుండా, తెర ఆరిపోయి బల్ల మీద పడుందంటే, అన్ని యాప్‌లనీ నిద్రపుచ్చి, మధ్యమధ్యలో కాసేపు లేపి పనులు చేసుకోనిస్తుంది. 2018లో ఆండ్రాయిడ్ 9తో ఇంకో మెట్టు ఎక్కింది. మనం ఏ యాప్‌ని ఎంత తరచుగా తెరుస్తామో చూసి, అరుదైనవాటికి తక్కువ వాటా పెడుతుంది. కాబట్టి ఫోను ఎలాగూ కొంత సర్దుకుంటుంది. మనం చెయ్యాల్సింది అది సర్దలేని నాలుగైదింటిని పట్టుకోవడం. వాటిని ఎలా పట్టుకోవాలంటే, సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ యూసేజ్. సాయంత్రం పూట చూడండి. ఎవరెంత తిన్నారో వరసగా రాసి ఉంటుంది. మీరు గంటసేపు యూట్యూబు చూస్తే అది పైన ఉండడం న్యాయం. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా తెరవనిది పైన కూర్చుంటే, అదే మన మనిషి.

అయితే ఆ జాబితాలో ఏ యాపూ పెద్దగా తినకపోయినా బ్యాటరీ దిగిపోతోందంటే? ఇది మన సరిహద్దు ఊళ్ల జబ్బు. వీధి వైపు కిటికీ దగ్గర ఆంధ్రాలోని పాతపట్నం వైపు టవరు, వంటింట్లోకి వెళ్తే ఒడిశా టవరు. ఫోను పొద్దంతా ఇటు అటు ఊగుతూ ఉంటుంది. సిగ్నలు బలహీనంగా ఉన్న కొద్దీ టవరుకి అందేలా గట్టిగా అరవాలి, ఆ అరుపుకి బ్యాటరీ ఖర్చు. కొండ కింద పల్లెల నుంచి వచ్చేవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ. నలభై యాప్‌లు ఆపినా ఈ నష్టం తగ్గదు. 5జీ నిలకడగా అందని ఇంట్లో నెట్‌వర్క్ సెట్టింగుల్లో 4జీ పెట్టుకుంటే వెతుకులాట కొంత తగ్గుతుంది. అలాగే కొందరు యాప్‌లు ఆపే ఊపులో డేటా రోమింగ్ కూడా ఆపేస్తారు. ఆంధ్రా సిమ్ము, ఒడిశా టవరు, రోమింగ్ ఆపారు, ఇంక నెట్ రమ్మంటే ఎక్కడి నుంచి వస్తుంది? ఫోను పాడైందని తెస్తారు. నేను ఒక మీట తిప్పి ఇచ్చేస్తాను. డబ్బులు తీసుకోనులెండి. (నవ్వులు)

ముట్టుకోకూడనివి చెప్పి ముగిస్తాను. గూగుల్ ప్లే సర్వీసెస్ పేరు బ్యాటరీ జాబితాలో కనపడుతుంది, చిరాకు వేస్తుంది, దాన్ని ఆపకండి. లొకేషను, నోటిఫికేషన్లు, బ్యాంకు యాప్ నమ్మకం, అన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని ఇంకోటి ఉంటుంది, ఎప్పుడూ తెరిచి ఎరగం కదా అనిపిస్తుంది. యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది అదే. 2021 మార్చిలో దాని అప్‌డేట్‌లో తప్పు దొర్లితే ప్రపంచమంతా జీమెయిల్ లాంటి యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. అంత అవసరమైనది. ఇంక కీబోర్డు. తెలుగుకి ఒకటి, ఒడియాకి ఒకటి అని రెండు మూడు కీబోర్డులు ఉంటాయి మన ఫోన్లలో. ఒకటి నడుస్తోందని చూసుకోకుండా రెండోది ఆపకండి. అంకెల పిన్ అయితే ఫోను తన పలక తనే చూపిస్తుంది, అక్షరాల పాస్‌వర్డ్‌కి మాత్రం కీబోర్డు ఉండాలి. అది లేకపోతే సొంత ఇంటి బయట నిలబడ్డట్టే. మిగతావాటికి నా కొలత ఒకటే. పేరు చూస్తే అదేం చేస్తుందో మీరు ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, అది మీకు అక్కర్లేకపోతే, ఆపండి. చెప్పలేకపోతే ఒగ్గేయండి. రోజుకి రెండు ఆపండి, మర్నాడు ఫోను బాగుందో లేదో చూడండి. పదిహేను ఒక్కసారే ఆపితే ఏం జరుగుతుందో మా నాన్నగారి బావి గట్టు సాక్షి.

ఆ తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాళ్లు ఏదో గుసగుసలాడుతున్నారు, నాకు అర్థమైంది. కంప్యూటరుకి కేబుల్ తగిలించి, ఏడీబీ అనే పనిముట్టుతో ఫోనుకి కమాండ్లు కొట్టి, డిజేబుల్ కూడా చూపించనివాటిని తీసెయ్యొచ్చు అని. నిజమే, నేనూ చేస్తాను. అది కూడా సీలు వేసిన భాగం నుంచి తీసెయ్యదు, మీ ఖాతాకి కనపడకుండా చేస్తుంది. ఫోనంతా చెరిపి మొదటికి తెచ్చే ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మళ్లీ వచ్చేస్తుంది. తప్పు పేరు కొడితే ఫోను, వేసినప్పుడు వచ్చే కంపెనీ బొమ్మ దగ్గరే ఆగిపోయి లోపలికి రాదు. మీ సొంత ఫోన్ల మీద నేర్చుకోండి నాయనా, తాతగారి ఫోన్ల మీద వద్దు.

మాష్టారి హిందీ వార్తలు ఏమయ్యాయని ముందు వరసలో అడుగుతున్నారు. తాళం వేశాం. లాక్ స్క్రీన్ మీద రోజుకో బొమ్మ, కింద ఒక ప్రకటన వచ్చేది, అదీ సెట్టింగుల్లో ఆపాం. మర్నాడు ఆయన షాపుకి వచ్చి, ఫోను ఏమీ మోగట్లేదు, పాడైందేమో చూడమన్నారు.

సరే, మైకు ఆపేస్తున్నాను. ఆ కిటికీ పక్కన బల్ల వేశారు, అక్కడ కూర్చుంటాను. ముందు అమ్మలు, తర్వాత మిగతావాళ్లు, వరసగా రండి. ఛార్జింగు పది కంటే తక్కువ ఉన్నవాళ్లు ఆ గోడ దగ్గర ప్లగ్గులో పెట్టుకుని రండి. తాళం మీరే తియ్యండి, పాస్‌వర్డ్ నాకు చెప్పకండి.